ఐదువందల మిల్లీలీటర్ల ఇల్లాలు

మా కళాశాలలో రసాయనశాస్త్రం ఎంతవరకు ముందుకు పోయిందో చెప్పడం కష్టం. పోయినంత మేరా మాత్రం గాజు కుప్పెలు ఊదే కుప్పెలాయన ఊపిరి మీదే పోయింది. ప్రయోగశాలకీ సైకిళ్ల స్టాండుకీ మధ్య రేకుల కప్పు వేసిన పొడుగాటి గది ఒకటి ఉంది. అందులో ఒక బల్ల, బల్ల మీద ఫిరంగిలా మూతి ఎత్తుకుని నిలబడ్డ గ్యాసు దీపం, గోడ పొడుగునా అరల్లో గడకర్రల్లా పేర్చిన గాజు గొట్టాలు, మూల ఒక ఇనప బట్టీ. ఆ బట్టీ ఉన్నది కాల్చడానికి కాదు, చల్లార్చడానికి. ఎర్రగా కాలిన గాజును ఉన్నపళంగా చల్లగాలికి వదిలేస్తే పగిలి ఊరుకుంటుంది. దాన్ని ముందు వేడిలోనే కూర్చోబెట్టి, అలిగిన చుట్టాన్ని బుజ్జగించినట్టు, నిమ్మళంగా కిందికి దించాలి.

ఆ గదిలో కుప్పెలాయన ముప్ఫై ఏళ్లుగా గుండ్రటి కుప్పెలు, శంకు కుప్పెలు, పరీక్షనాళికలు, పాముల్లా మెలికలు తిరిగిన ఆవిరి గొట్టాలు ఊదుతున్నాడు. విద్యార్థులు పగలగొట్టినవి అతికాడు. ఆచార్యులు పగలగొట్టి విద్యార్థుల మీద పెట్టినవి కూడా అంతే శ్రద్ధగా అతికాడు.

ఈ పనికి రెండు సూత్రాలు ఉన్నాయి. మొదటిది తిప్పడం. మంటలో మెత్తబడిన గాజు తేనెలాంటిది. తిప్పుతున్నంతసేపే బుద్ధిగా ఉంటుంది, ఆపితే జారిపోతుంది. అందుచేత కుప్పెలాయన చేతులు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి. కాఫీ గ్లాసు ఇస్తే తిప్పేవాడు. గొడుగు ఇస్తే తిప్పేవాడు. పక్కింటివాళ్లు ఒకసారి పసిపిల్లను ఎత్తుకోమని ఇచ్చి, ఆయన రెండు చేతుల మీదా పిల్ల మెల్లగా దొర్లడం చూసి, మళ్లీ ఇవ్వలేదు.

రెండోది కొలవడం. గది దాటి పోయే ప్రతి పాత్రలోనూ నీళ్లు పోసి, ఎంత పడుతుందో చూసి, ఆ మట్టం దగ్గర వజ్రపు ములికితో సన్నటి గీత గీసి, పక్కన అంకె వెయ్యాలి. "గీత లేనిది పాత్ర కాదురా, చెంబు" అనేవాడు ఆయనకు పని నేర్పిన ముసలాయన. ఆ మాట కుప్పెలాయన ఎముకల్లోకి ఇంకిపోయింది. గీత గియ్యడం ఆయనకు అలవాటు కూడా కాదు, తుమ్ములాంటిది. దానంతటది వచ్చేస్తుంది.

పనివేళల్లో ఆయన నోట్లో సన్నటి రబ్బరు గొట్టం ఉండేది. దాని రెండో కొస గాజుకు తగిలించి ఉంటుంది. ఊపిరి అందులోంచే గాజులోకి పోవాలి. పగలంతా నోటిని ఇలా గాజుకు అప్పగించిన మనిషికి సాయంత్రం ఇల్లు చేరాక మాట్లాడే ఓపిక ఎక్కడిది? ఆ లోటును ఇల్లాలు తీర్చేది. ఇద్దరి వాటా ఆవిడే మాట్లాడేది. వీధిమెట్టు మీద ఆయన కూర్చుంటే, వెనక గుమ్మానికి ఆనుకుని ఆవిడ నిలబడేది. పాలవాడు పాలలో కలిపిన నీళ్ల దగ్గర మొదలై, చెల్లెలు కొన్న పరదాల రంగు మీదుగా, ఎదురింటి కోడలు అత్తగారినేమందో, దానికి అత్తగారు ఏమనాల్సిందో, అనకుండా ఎందుకూరుకుందో దాకా ప్రవాహం సాగేది. మధ్యమధ్య ఆయన "ఊఁ" అనేవాడు. ఒప్పుకునే ఊఁ, ఆశ్చర్యపోయే ఊఁ, నిద్రొచ్చే ఊఁ, ఇలా అందులో రకాలు ఉండేవి. ఆవిడకు అన్నీ తెలుసు. ఆ సంసారం మొత్తం ఆ ఒక్క అక్షరం మీద సుఖంగా నడిచిపోయింది.

ఒక సాయంత్రం ఆ ప్రవాహంలో ఒక రాయి తగిలింది.

"మీ హెడ్డుగారి అమ్మాయికి గాజు హంస చేసిచ్చారట," అంది ఇల్లాలు.

"ఊఁ."

"లోకంలో అందరికీ ఏదో ఒకటి ఊదిపెడతారు. నాకేం చేశారు?"

"ఏం కావాలి?"

"ఏం కావాలో నేను చెప్పి చేయించుకోవాలా? బజార్లో దర్జీ కూడా అంతే కదా."

పెళ్లిరోజు దగ్గర్లోనే ఉంది. కుప్పెలాయన ఆలోచించి ఆలోచించి, హంసలూ జింకలూ కాదు, ఏకంగా ఆవిడ బొమ్మే చేద్దామనుకున్నాడు. గాజులో మనిషి రూపం తియ్యడం ఏమంత పని అనుకున్నాడు. చరిత్రలో ఇలా అనుకున్నవాళ్లు ఆయనకు ముందు చాలామంది ఉన్నారు. అయితే ఆ సంగతి ఆయనకప్పటికి తెలియదు.

తలకు చిన్న బుడగ, మెడకు సన్నటి గొట్టం, భుజాల దగ్గర ఉబ్బు, నడుం దగ్గర నొక్కు, కింద బట్ట పరుచుకున్నట్టు గంట ఆకారం. ఒక్క గాలిబుడగ లేదు. ఎక్కడా అతుకు కనిపించదు. ఎటునుంచి చూసినా ఒకటే తీరు. పనివాడిగా ఆయన అంతకు ముందు అంత చక్కటి వస్తువు చెయ్యలేదు. పెళ్లిరోజున మరదలినీ తోడల్లుడినీ భోజనానికి పిలిచి, తమ దగ్గరే ఉంటున్న అత్తగారి సమక్షంలో, గుడ్డలోంచి తీసి బల్ల మీద నిలబెట్టాడు.

"ఎంత బాగుందో," అంది మరదలు, అదేమిటో తెలియకుండానే. "పూలు పెట్టుకోడానికా బావగారూ?"

"మీ అక్క," అన్నాడు కుప్పెలాయన.

ఇల్లాలు బొమ్మను దగ్గరికి లాక్కుని ఒక చుట్టు తిప్పి చూసింది. ఇంకో చుట్టు తిప్పింది.

"ఇందులో నేను ఎటు చూస్తున్నాను?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఎటు కావాలంటే అటు."

"ముక్కేది?"

"ముక్కు పెడితే తిరగదు."

"ఏం తిరగదు?"

"మంటలో. ఒక పక్కన బరువెక్కితే తూకం పోతుంది."

"అంటే నా ముక్కు అంత బరువన్నమాట."

అత్తగారు కల్పించుకుంది. "పోనీలేవే, ముక్కూ మొహం అందరికీ ఉండేవేగా. మెడ చూడు, ఎంత సన్నగా తీశారో. నీ మెడ అట్లా ఏనాడుందని."

పరిస్థితి అక్కడితో ఆగి ఉంటే సర్దుకునేదే. కానీ తోడల్లుడు ప్రదర్శనశాలలో సందర్శకులకు వివరాలు చెప్పే ఉద్యోగి. ఏ వస్తువు కనబడినా దాని మీదికి వంగి, దాని మీద ఏం రాసుందో గట్టిగా చదవడం ఆయన వృత్తి. సెలవు రోజున కూడా మానుకోలేడు. కళ్లజోడు సవరించుకుని, బొమ్మ నడుం దగ్గరికి వంగి, వెనక వరసలో వాళ్లకు కూడా వినిపించే గొంతుతో చదివాడు.

"ఐదువందల మిల్లీలీటర్లు."

ఆ గీత ఎప్పుడు గీశాడో కుప్పెలాయనకే గుర్తులేదు. గీసేవాడు మాత్రం ఆయన తప్ప ఆ ఊళ్లో ఇంకొకడు లేడు. అందరూ ఆయనకేసి చూశారు. ఏదో ఒకటి అనాలి. ఆయనకు తెలిసినదే అన్నాడు.

"ఇరవై డిగ్రీల దగ్గర. వేడి మీద ఉంటే ఇంకాస్త ఎక్కువ పడుతుంది."

ఇల్లాలు లేచి కూరగిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ గిన్నె మళ్లీ రాలేదు. ఆవిడ మాటా రాలేదు.

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. గిన్నెలు విసిరేసి ఉంటే ఇంకా బాగుండేది, అతకడం ఆయనకు వచ్చు. మూగనోము పట్టిన మనిషిని ఎక్కడ అతకాలో మాత్రం ఏ గురువూ నేర్పలేదు. నోట్లో గొట్టం పెట్టుకుని బతికే మనిషికి ఇంట్లో నిశ్శబ్దం ఒక లెక్కా అనుకోవచ్చు. కానీ లోకంలో ఏం జరుగుతోందో ఆయన తెలుసుకునేది ఆ గుమ్మం దగ్గరే. ఇప్పుడు మెట్టు మీద కూర్చుంటే, పాలు చిక్కబడ్డాయో పలచబడ్డాయో, ఎదురింటి అత్తగారు తిరిగి ఏమందో, ఏదీ తెలియడం లేదు. వెనక గుమ్మం ఖాళీ. పెరట్లో కుళాయి కారే చప్పుడు మొదటిసారి విన్నాడు. ఆవిడ మళ్లీ వచ్చి గుమ్మానికి ఆనుకుని "ఏమండీ" అంటే చాలు, పాలవాడి సంగతి వందోసారి చెప్పినా వింటాననుకున్నాడు. ఆయనకు కావలసింది అదొక్కటే. అది ఏ గాజుతో చెయ్యాలో తెలియలేదు.

సంసారం ఆగకూడదు కాబట్టి అత్తగారు మధ్యవర్తి అయింది. ఆవిడ మోకాళ్లు పట్టేశాయి గానీ నోరు చురుగ్గానే ఉంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది. ఉత్త మాట చేరవెయ్యడం మర్యాద కాదని, దారిలో కాస్త తీపి కలిపేది.

"అమ్మా, వడ్డించానని చెప్పు."

"అల్లుడుగారూ, రండి. చల్లారిపోతుందేమోనని అమ్మాయి ఒకటే బెంగ."

"కూర బాగుందని చెప్పండి అత్తయ్యగారూ."

"ఇవాళ కూరలో ఉప్పు సరిగ్గా పడిందంటున్నారే."

"ఇవాళ అంటే? రోజూ పడటం లేదనా?"

"అది నేనడగలేదు. అడగనా?"

మూడు గదుల ఇంట్లో అందరి మాటలూ అందరికీ వినబడుతూనే ఉంటాయి. అయినా రాయబారం రాయబారమే. ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినబడనట్టు, అత్తగారు తిరిగి చెప్పేదాకా ఇద్దరూ ఆగేవాళ్లు.

ఈ అనర్థానికి కారణం తన గొంతేనని తోడల్లుడికి లోపల పీకుతోంది. ఒకరోజు కళాశాలకు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"నేను చదవకుండా ఉండాల్సింది అన్నయ్యగారూ."

"ఉన్నదే చదివావుగా."

"ఉన్నదంతా చదవకూడదు. మా ఉద్యోగంలో ముందు నేర్పేదే అది, నాకింకా పట్టుబడలేదు. ఒక్కసారి మా దగ్గరికి రండి. గాజులో మనిషి అని కొత్త గది తెరిచారు. అన్నీ నకళ్లే, అసలువి పెద్ద ఊళ్లలో ఉంటాయి. కానీ ఈ మనిషి రూపం తియ్యబోయి ఎవరెవరు ఏమేం పడ్డారో అన్నీ ఉన్నాయి. మనసు కుదుటపడుతుంది."

ఆదివారం నాడు కుప్పెలాయన వెళ్లాడు. తోడల్లుడు గదిలో అడుగుపెట్టగానే గొంతు మార్చాడు. బయట మనలాగే మాట్లాడే మనిషి, అద్దాల పెట్టె కనపడగానే శాసనం అయిపోతాడు.

"ఇచట మనము చూచుచున్నది..."

"మామూలుగా చెప్పవయ్యా."

"ఇది ఈజిప్టుది. మూడువేల ఏళ్ల పైమాట. అప్పటికి గాజు ఊదడం ఎవరికీ తెలీదు. అచ్చులో కరిగించి తీసేవాళ్లు. గాజంటే అప్పట్లో రత్నాలతో సమానం. రాజుల మొహాలు, దేవుళ్ల మొహాలు నీలం గాజులోనో ఎర్ర గాజులోనో తీసి చెక్కలో పొదిగేవాళ్లు."

బొటనవేలి గోరంత ముఖం. ఒక పక్కకే చూస్తోంది. ఎటు చూస్తోందన్న విషయంలో అనుమానమే లేదు. కుప్పెలాయన నిట్టూర్చాడు.

"మిగతా ఒళ్లేది?"

"చాలావాటికి మొహం వరకే గాజు. మిగతాది వేరే దేంతోనో చేసేవాళ్లు."

"తెలివైనవాళ్లు. నడుం జోలికి పోలేదు."

తర్వాతి పెట్టెలో మనిషి తల ఆకారంలో సీసాలు. "రోమన్లవి. రెండువేల ఏళ్ల కిందట ఊదడం కనిపెట్టాక, తల ఆకారం అచ్చుల్లోకి ఊది సీసాలు చేశారు. అత్తరుకీ నూనెకీ. ఇది చూడండి, దీనికి ముందొక మొహం, వెనకొక మొహం."

కుప్పెలాయన కళ్లు మెరిశాయి. "అంటే ముందూ వెనకా ఒకటే తీరు."

"ఒకటే తీరు."

"మనిషిని సీసాగానే చూశారన్నమాట వాళ్లు కూడా."

"చూశారు."

"గీత ఎక్కడ గీశారు?"

"గీత లేదు అన్నయ్యగారూ."

"ఎంత పడుతుందో రాయలేదా?"

"రాయలేదు."

"మరి కొనేవాడికెట్లా తెలుస్తుంది?"

"తెలియకపోయినా కాపురాలు నిలబడ్డాయి," అన్నాడు తోడల్లుడు, చెయ్యి పట్టుకుని పక్క పెట్టె దగ్గరికి నడిపిస్తూ.

అందులో వేలెడంత మనుషులు. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఒక ఊరివాళ్లు, అచ్చం కుప్పెలాయనలాగే దీపం ముందు కూర్చుని, సన్నటి తీగ మీద గాజు చుట్టి చేసిన గొర్రెలకాపర్లు, సన్యాసులు, నాటకాలవాళ్లు. ఆయన అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు చూశాడు.

"ముక్కుంది," అన్నాడు చివరికి, మనసు కష్టపెట్టుకుని. ఆవగింజంత ముక్కు. "జారకుండా ఎట్లా నిలిపారు?"

"లోపల తీగ ఉందిగా, పట్టుకుంటుంది."

ఆఖరి పెట్టెలో పచ్చటి గాజు దిమ్మ. పోయిన శతాబ్దంలో కొందరు గాజును పెద్ద దిమ్మలుగా పోతపోసి, తలను బయట కాకుండా లోపల తీశారట. అంటే దిమ్మ మధ్యలో తల ఆకారంలో ఖాళీ ఉంటుంది. వెలుతురు పడితే ఆ ఖాళీయే మొహంలా కనబడుతుంది.

"తల ఉండాల్సిన చోట ఖాళీ," అన్నాడు కుప్పెలాయన.

"అదే అందులో గొప్ప."

"మా కళాశాలలో కూడా ఉందిలే అట్లాంటిది. జీతం ఇచ్చి పెట్టుకున్నారు."

మానవజాతి ఇన్ని వేల ఏళ్లుగా గాజులో తన రూపం తాను చూసుకోవాలని చేసిన ప్రయత్నం ఆయనకు ఇప్పుడు బోధపడింది. ఒక కాలంలో ముఖం తీసి ఒళ్లు వదిలేసింది. ఒక కాలంలో సీసాకు తల తగిలించింది. ఒక కాలంలో మనిషిని వేలెడంతకు కుదించింది. చివరికి మనిషిని తీసేసి ఖాళీని మిగిల్చింది. ఈ పరంపరలో తన బొమ్మ ఏమంత తలవంపు కాదు. చరిత్ర తన పక్షాన ఉందని తెలుసుకున్న భర్త ఎవరైనా చేసే తెలివితక్కువ పనే ఆయనా చేశాడు. ఇంటికి పోయి ఆ సంగతి చెప్పాడు.

అత్తగారు ఓపిగ్గా మొత్తం విని, వంటింటి గుమ్మం దగ్గరికి పోయి సారాంశం అందించింది.

"రోములో ఆడవాళ్లకి రెండేసి మొహాలు పెట్టి సీసాలు చేసేవాళ్లటే. మీ ఆయన నీకు ఒక్కటి కూడా పెట్టకుండా మర్యాదగా చేశారట."

"భోజనానికి ఆ రోముకే పొమ్మను," అంది లోపలినుంచి ఇల్లాలు.

అత్తగారు వెనక్కి వచ్చింది. "ఆలోచిస్తానందండీ."

ఇక లాభం లేదు, ముక్కూ మొహం ఉన్న బొమ్మ చేసి తీరాల్సిందే అనుకున్నాడు కుప్పెలాయన. సోమవారం దీపం వెలిగించి, గొట్టం నోట్లో పెట్టుకుని, తలకు బుడగ ఊది, ముక్కు పెట్టాల్సిన చోటు వేడి చేసి, ఆగిపోయాడు. ఆవిడ ముక్కు ఎలా ఉంటుందో గుర్తుకు రావడం లేదు. కొసదేరి ఉంటుందా, మొద్దుగా ఉంటుందా? కళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయా, ఎడంగా ఉంటాయా? గొంతు తెలుసు. దగ్గు తెలుసు. వంటింట్లో మూత పెట్టే చప్పుడును బట్టి కోపమో కాదో కూడా తెలుసు. ఇన్నేళ్లూ ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చెబుతుంటే ఆయన మెట్టు మీద కూర్చుని వీధికేసి చూశాడు. ఎదురింటి అరుగు బొమ్మ చెయ్యమంటే కళ్లు మూసుకుని చేసేవాడు.

ఆ రోజునుంచి భోజనం దగ్గర ఇల్లాలిని రెప్పవెయ్యకుండా చూడటం మొదలుపెట్టాడు. ముద్ద నోటిదాకా తీసుకెళ్లి, అక్కడ ఆపి చూసేవాడు. తల పక్కకు వంచి చూసేవాడు. ఒకసారి బల్ల కిందికి వంగి గడ్డం కిందినుంచి చూశాడు.

"అమ్మా, ఎందుకట్లా గుడ్లప్పగించి చూస్తున్నారో కనుక్కో."

"ముక్కు చూస్తున్నానని చెప్పండి అత్తయ్యగారూ."

"నీ ముక్కు చూస్తున్నారటే."

"దానికెంత పడుతుందో కొలుస్తున్నారేమో."

కళాశాలలో పని మాత్రం అక్కడే ఉంది. మొదటి ముఖానికి ముక్కు చక్కగా కుదిరి, ఇంకాస్త వేడి తగలగానే గడ్డం దాకా జారింది. రెండోది అచ్చం హెడ్డుగారిలా వచ్చింది, అది అవసరం లేదు. మూడోది అంతా బాగుండి, పక్కన పెట్టబోతుంటే టింగుమని నెత్తినుంచి మెడదాకా చీలింది. పగిలిన గాజు వేసే తొట్టి నిండా ముక్కుల్లేని మొహాలు, మొహాల్లేని ముక్కులు. ప్రయోగశాలలో కుప్పెలు నిండుకుని, విద్యార్థులు ఒకే కుప్పె చుట్టూ మూగి ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. ఈ పట్టణంలో విజ్ఞానశాస్త్రం ఒక ముక్కు దగ్గర ఆగిపోయింది.

ఇంతలో ఇంట్లో రాయబారం కూలింది. ఒక ఉదయం అత్తగారు సంచీ సర్దుకుని నడవాలో నిలబడింది.

"మీ ఇద్దరి మాటలూ మోసి మోసి నా నోరు అరిగిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెబితే కొంప అంటుకుంటుందని మంచిమాటలు కలిపి పోశాను. ఒక్కరికీ కడుపు నిండలేదు. ఇకనుంచి ఎవరి మూట వాళ్లే మోసుకోండి. నేను చిన్నదాని ఇంటికి పోతున్నాను."

ఇల్లాలు తల్లిని బండెక్కించి తనూ వెళ్లింది, దిగబెట్టి రావడానికి. కుప్పెలాయన అలవాటు ప్రకారం ఇంటికి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని కళాశాలకు పోయాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఒక్క మాటతో తేలే విషయం. ఆ మాట మోసే మనిషి అప్పటికే బండిలో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఇల్లాలు తిరిగొచ్చి తలుపుకు తాళం చూసింది. కాసేపు మెట్టు మీద కూర్చుంది. ఆ తర్వాత కొంగు సర్దుకుని కళాశాల దారి పట్టింది. ఇన్నేళ్లలో ఆ రేకుల గదిలో ఆవిడ అడుగుపెట్టడం అదే మొదలు.

లోపల కుప్పెలాయన నాలుగో ముఖం మీద ఉన్నాడు. మంట వెలుగు కళ్లకు కొట్టకుండా గులాబీరంగు కళ్లద్దాలు పెట్టుకుని, ఎడమచేత్తో గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ, కుడిచేత్తో మసిబొగ్గు పుల్లతో బుగ్గ ఒత్తుతూ, నోట్లో రబ్బరు గొట్టంతో ఉన్నాడు. గుమ్మంలో మనిషి నీడ చూసి తలెత్తాడు. లేవడానికి లేదు, గాజు పగిలిపోతుంది. మాట్లాడటానికి లేదు, నోరు ఖాళీ లేదు.

ఆవిడ కూడా మాట్లాడలేదు. తిన్నగా దగ్గరికొచ్చి, ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, తాళంచెవి తీసుకుంది. వెనక్కి తిరిగి గుమ్మందాకా వెళ్లింది. పని అయిపోయింది. పోవచ్చు. పోతూ పోతూ ఒక్కసారి మంటలో ఉన్న దానికేసి చూసింది.

"ముక్కు అది కాదు," అంది.

కుప్పెలాయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గాజు జారబోయింది. మళ్లీ ఆడించాడు.

"అంత మొనదేలి ఉండదు నాది. అది మా అమ్మ ముక్కు." ఆవిడ రెండడుగులు వెనక్కొచ్చింది. "అయ్యో, మరీ చదును చేశారు. కొంచెం పైకి. ఆ, అట్లా. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్నిగా. అడిగారా? బల్ల కిందికి దూరి చూస్తే తెలుస్తుందా ముక్కు?"

ఆయన తల ఊపాడు. తలతో పాటు బొమ్మ కూడా ఊగింది.

"ఊపకండి, పడిపోతుంది. నేను గీత గురించి అలిగాననుకున్నారు మీరు. మీ తోడల్లుడు కూడా అదే అనుకుని మా చెల్లెలికి సంజాయిషీలు చెప్పుకుంటున్నాడు పాపం. గీత గీస్తే గీశారు, మీకు అది రోగమని నాకు తెలీదా? పెళ్లయిన కొత్తలో మా పుట్టింటివాళ్లిచ్చిన మంచినీళ్ల జగ్గు మీద గీశారు, ఏమన్నానా? అది కాదు. 'నేను ఎటు చూస్తున్నాను' అంటే 'ఎటు కావాలంటే అటు' అంటారా. నేను ఎటు చూశానో మీకు తెలీదా ఇన్నేళ్లూ? మీ వీపుకేసి చూశాను. మీరు వీధిలోకి చూస్తూ కూర్చుంటారు, నేను మీ వీపుకి చెప్పుకున్నాను అన్నీ. మా నాన్న పోయినప్పుడు కూడా మీ వీపుకే చెప్పాను. వింటున్నారా?"

"ఊఁ" అన్నాడు కుప్పెలాయన, మరిచిపోయి.

ఆ ఊఁ గొట్టంలోంచి గాజులోకి పోయింది. మంట దగ్గరున్న బొమ్మ ఎడమ బుగ్గ బూరెలా పొంగింది.

"చూశారా, ఏం చేశారో. ఇప్పుడు పంటినొప్పి వచ్చినదానిలా ఉన్నాను. మీరేం అనకండి. అనద్దు. నేను చెప్పేది పూర్తికానివ్వండి." ఆవిడ స్టూలు జరుపుకుని ఎదురుగా కూర్చుంది. "బుగ్గ మెల్లగా లోపలికి నొక్కండి. ఇటు. నా మొహం ఇటుంది, నన్ను చూసి చెయ్యండి."

ఆయన ఆవిడను చూసి చేశాడు. ఊపిరి బిగబట్టి, ఆ మాత్రం ఊఁ కూడా లేకుండా, అదేపనిగా ఆవిడ ముఖంలోకి చూస్తూ చేశాడు. ఆవిడ కబుర్లు పాలవాడి దగ్గరికొచ్చాయి. పాలవాడు మారాడట, కొత్తవాడు ఇంకా అన్యాయమట. ఎదురింటి అత్తగారు ఎట్టకేలకు నోరు తెరిచిందట, ఏమందో చెప్పింది. చెల్లెలి పరదాలు ఉతికితే రంగు దిగాయట. ఇన్నాళ్లూ నిలవున్నదంతా వరసగా వచ్చింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది, అది గదిలో వేడికి కూడా అయ్యుండవచ్చు. ఆయన కనుబొమలు తీర్చాడు, కనురెప్పలు తీర్చాడు, చెవుల దగ్గర రెండు చుక్కల గాజు పెట్టాడు. ఆఖరున నోటి దగ్గర సన్నమంట తగిలించి, బలంగా ఊది, కన్నం చేసి, అంచులు పెదవుల్లా ఒత్తాడు.

"నోరెందుకు తెరిచారు?" అంది ఆవిడ.

బదులు చెప్పడానికి ఇంకా లేదు. బొమ్మను మెడ దగ్గర వేరుచేసి, పట్టకారుతో పట్టుకుని, బట్టీలో పెట్టి తలుపు మూశాడు. కళ్లద్దాలు తీశాడు. నోట్లో గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. ఇంతసేపట్లో మూసి ఉన్న ఆవిడ నోరు ఆయన చూస్తే కదా చెయ్యడానికి. ఆ మాట అనకూడదని మాత్రం ఈసారి ఆయనకు తట్టింది. ఇంత అనుభవం ఊరికే పోలేదు.

"ఇంతసేపు చెప్పాను," అంది ఇల్లాలు. "ఏదో ఒకటి అనండి."

"మంట చప్పుడులో సరిగ్గా వినపడలేదు," అన్నాడు కుప్పెలాయన.

"ఏది వినపడలేదు?"

"మొదటి సగం." కళ్లద్దాలను బల్ల మీద తిప్పుతూ, "రెండో సగం కూడా అక్కడక్కడా."

ముక్కూ మూతీ తీర్చేటప్పుడు వాడే సన్నమంట చేసే చప్పుడు ఈగ రొదకంటే తక్కువ. పక్కనున్న ప్రయోగశాలలో విద్యార్థులు, మధ్యలో ఒక గోడ ఉన్నా, ఆవిడ మాటలు పొల్లుపోకుండా విన్నారు. ఆవిడకూ ఆ సంగతి తెలియకపోదు. ఆయన ముఖంలోకి నిదానంగా ఒకసారి చూసింది. తాళంచెవిని బల్ల మీద పెట్టింది.

"ఏమండీ," అంది. "అయితే ఇటు తిరిగి కూర్చోండి."

ఆయన తిరిగాడు. ఆవిడ మొదటినుంచీ మొదలుపెట్టింది. పక్క గదిలో విద్యార్థులు, కుప్పెలు లేక ఎలాగూ ఆగిపోయి ఉన్న ప్రయోగాలు ఆ పూటకు పూర్తిగా మానేశారు.